ఒంటికి తొలి కాపలా చర్మం

మనిషి శరీరంలో పెద్ద అవయవాల్లో చర్మం ఒకటి. ఎదిగిన మనిషి చర్మాన్ని పరిచి కొలిస్తే 1.5 నుంచి 2 చదరపు మీటర్ల దాకా ఉంటుంది. కనురెప్ప మీద దాని మందం అర మిల్లీమీటరు, మడమ దగ్గర 4 మిల్లీమీటర్ల వరకు. గాలి, నీరు, మట్టి, పక్కవాళ్ల చెయ్యి, ఏది తాకినా దాంతోపాటు సూక్ష్మజీవులు కూడా ఒంటిని తాకుతాయి. అవి వాలని రోజంటూ ఉండదు. అయినా చర్మం చెక్కుచెదరకుండా ఉన్నంతకాలం వాటిలో లోపలికి దారి దొరికేవి చాలా తక్కువ. చర్మం తెగినా, కాలినా, నాని పాసిపోయినా, తెలియక రాసిన మందుతో పలచబడినా ఆ దారి తెరుచుకుంటుంది.

ఈ తేడా చేతిపనితో బతికేవాళ్ల ఒళ్ల మీద బాగా కనిపిస్తుంది. పశ్చిమ బెంగాల్లోని ఖరగ్‌పూర్ అలాంటి వాళ్ల ఊరు. 1887లో ఏర్పడిన బెంగాల్-నాగ్‌పూర్ రైల్వే ఆ శతాబ్దం చివర్లో అక్కడ జంక్షనూ, తర్వాత పెద్ద వర్క్‌షాపూ కట్టింది. ఆ పనులకు నాటి విశాఖపట్నం, గంజాం జిల్లాల నుంచి తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో తరలివెళ్లి రైల్వే క్వార్టర్లలో, బస్తీల్లో స్థిరపడ్డారు. 1927లో వర్క్‌షాపు కార్మికుల సమ్మెలను నడిపిన నాయకుల్లో గంజాం బిడ్డ వి.వి.గిరి ఒకరు. తరాలుగా ఆ తెలుగు ఇళ్లలో ఇనుము పనే అన్నం పెట్టింది. పదునైన లోహపు తునకలు, గ్రీజు, కొలిమి వేడి, బెంగాల్ ఎండ, వానాకాలపు చిత్తడి, ఇలా చర్మానికి పరీక్ష పెట్టేవన్నీ అక్కడ ఒకేచోట ఉంటాయి.

పైపొర పని

చర్మంలో పైది బాహ్యచర్మం. దాని కింద రక్తనాళాలు, నరాలు, చెమట గ్రంథులు, వెంట్రుకల కుదుళ్లు ఉండే అంతశ్చర్మం. ఆ అడుగున కొవ్వు. సూక్ష్మజీవులకు మొదట అడ్డుపడేది బాహ్యచర్మపు చిట్టచివరి అంచు. అరచేతులు, అరికాళ్లు తప్పిస్తే ఒంటిమీద చాలా చోట్ల ఆ అంచు మందం మిల్లీమీటరులో వందో వంతు నుంచి యాభయ్యో వంతు. రాసుకునే కాగితం ఇంతకన్నా చాలా మందం. పైగా అందులో ఉండేవి ప్రాణం పోయిన కణాలు.

ఆ కణాలు బాహ్యచర్మం అడుగున పుడతాయి. కింద కొత్తవి పుట్టేకొద్దీ పైకి జరుగుతూ, దారిలో కెరటిన్ అనే గట్టి ప్రొటీనుతో నిండుతూ, చివరికి కేంద్రకాన్ని కూడా పోగొట్టుకుని చదునుగా మారతాయి. ఒక కణం అడుగు నుంచి పైకి చేరి రాలిపోవడానికి సుమారు 4 వారాలు పడుతుంది. ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్ల ఎర్ర ఇటుక గోడను తలచుకుంటే ఈ కట్టడం అర్థమవుతుంది. కెరటిన్ నిండిన కణాలు ఇటుకలైతే, వాటి మధ్య సందుల్ని పూడ్చే సున్నం కొన్ని రకాల కొవ్వులు. సెరమైడ్లు, కొలెస్టరాల్, కొవ్వు ఆమ్లాలు కలిసి నీరు బయటికి పోకుండా, సూక్ష్మజీవులు, విషపదార్థాలు లోపలికి రాకుండా సందుల్ని మూసి ఉంచుతాయి. పైకణాలు నిత్యం రాలిపోవడం కూడా రక్షణలో భాగమే. వాటిని పట్టుకుని వేలాడే సూక్ష్మజీవులు వాటితోపాటే పోతాయి.

సుత్తి, స్పానర్ పట్టినచోట చేతులు కాయలు కాస్తాయి. ఒత్తిడి పడినచోట చర్మం తన పైపొరను తానే మందం చేసుకోవడమే అది. అయితే కాయ కాచిన చెయ్యి కూడా కణాల మధ్య కొవ్వు పోతే ఓడిపోతుంది. గ్రీజు వదలగొట్టడానికి కిరోసిన్, డీజిల్, థిన్నర్ పోసుకుని చేతులు రుద్దుకోవడం ఇనుము పనిచేసేచోట పాత అలవాటు. గ్రీజును కరిగించే ద్రవం చర్మపు కొవ్వునూ కరిగిస్తుంది. కొన్ని వారాలకు వేళ్ల కణుపుల దగ్గర చర్మం ఎండి, పొట్టు లేచి, సన్నగా చీలుతుంది. ఆ చీలికల్లోంచే బ్యాక్టీరియా దిగుతుంది. యంత్రాల నూనెతో తడిసిన యూనిఫాం రోజంతా తొడలకూ ముంజేతులకూ ఒరుసుకుంటే వెంట్రుకల కుదుళ్లు మూసుకుని నల్లటి మొటిమలు, సెగగడ్డలు లేస్తాయి. గ్రీజు మీద ముందు కాస్త వంటనూనె రాసి, గుడ్డతో తుడిచి, తర్వాత సబ్బుతో కడుక్కుంటే చేతులకు ఇంత హాని ఉండదు. పెద్ద ఖర్చూ కాదు. అయినా చేతి శుభ్రత గురించి చెప్పేవాళ్లు ఈ సంగతి అరుదుగా చెబుతారు.

పులుపు, చెమట, నూనె

ఆరోగ్యంగా ఉన్న చర్మం పైభాగం కొద్దిగా పుల్లన. దాని పీహెచ్ 4.5కూ 5.5కూ మధ్య ఉంటుంది. ఈ ఆమ్లపు పూతను జర్మన్ పరిశోధకులు షాడె, మార్కియోనీని 1928లో వివరించారు. చెమటలోని లాక్టిక్ ఆమ్లం, కుదుళ్ల నూనె విడిపోయినప్పుడు వచ్చే కొవ్వు ఆమ్లాలు, పైకణాల్లోని ఫిలాగ్రిన్ అనే ప్రొటీను విరిగినప్పుడు పుట్టే పదార్థాలు దీనికి కారణం. రోగకారక బ్యాక్టీరియాలో చాలావాటికి ఈ పులుపు పడదు. చర్మం తన కొవ్వును తయారుచేసుకోవడానికి కావలసిన ఎంజైములు మాత్రం ఇందులోనే చక్కగా పనిచేస్తాయి. మామూలు సబ్బుబిళ్ల పీహెచ్ 9 నుంచి 10 ఉంటుంది. ఒకసారి సబ్బు రాసుకుంటే చర్మం కొంతసేపట్లో సర్దుకుంటుంది. పూటపూటకూ ఘాటు సబ్బుతో పీచు పెట్టి తోమితే ఆ అవకాశం ఇవ్వనట్టే.

చెమటను ఒళ్లు చల్లబరిచే నీరుగానే చూడటం అలవాటు. మనిషి ఒంట్లో 20 నుంచి 40 లక్షల చెమట గ్రంథులున్నాయి. 2001లో జర్మనీలోని ట్యూబింగెన్ శాస్త్రవేత్తలు చెమటలో డెర్మ్‌సిడిన్ అనే చిన్న ప్రొటీనును కనుగొన్నారు. అది బ్యాక్టీరియా పైపొరలో రంధ్రాలు చేసి చంపుతుంది. చర్మకణాలు సొంతంగా డిఫెన్సిన్లు, క్యాథలిసిడిన్ లాంటి సూక్ష్మజీవనాశక పదార్థాలనూ తయారుచేస్తాయి. పెద్దపేగులో మామూలుగా ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా మలంతో ఎంత తేలిగ్గా చేతులకు అంటినా చర్మానికి జబ్బు చెయ్యడం అరుదు. సొరియాసిన్ అనే చర్మ ప్రొటీను దాన్ని చంపుతుందని 2005లో కీల్ నగరపు శాస్త్రవేత్తలు చూపించారు. క్యాథలిసిడిన్ తయారీకి విటమిన్-డి తోడ్పడుతుందని 2006లో తేలింది. ఆ విటమిన్‌ను ఎండ తగిలిన చర్మమే తయారు చేస్తుంది.

చెమట బయటికి వచ్చి ఆరినప్పుడే ఇదంతా మేలు. మే నెల ఉక్కలో బిగుతు బట్టల కింద చెమట ఆరక గ్రంథుల నోళ్లు మూసుకుంటే చెమటకాయలు పేలతాయి. గోకితే పుండ్లవుతాయి.

అప్పుడే పుట్టిన బిడ్డ చర్మం సంగతి వేరు. ఆ పులుపు ఇంకా ఏర్పడదు, కొన్ని వారాల్లో వస్తుంది. అందాకా బిడ్డకు అండ ఒంటిమీది తెల్లటి జిడ్డు పూత. అందులో లైసోజైమ్, క్యాథలిసిడిన్ లాంటి రక్షక పదార్థాలు ఉంటాయి. తొలిస్నానాన్ని 24 గంటలు ఆపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పడానికి ఒళ్లు చల్లబడకూడదన్నది ప్రధాన కారణం. ఈ పూత నిలవడం అదనపు లాభం. నెలలు నిండకుండా పుట్టిన బిడ్డల్లో పైపొర సరిగా ఏర్పడకపోవడం వల్ల చర్మం ద్వారా వచ్చే ఇన్‌ఫెక్షన్లు ప్రాణం తీస్తాయి. ఢాకా శిశు ఆసుపత్రిలో అలాంటి పిల్లల ఒంటికి పొద్దుతిరుగుడు నూనె రాసినప్పుడు ఆసుపత్రి ఇన్‌ఫెక్షన్లు 41 శాతం తగ్గాయని 2005లో లాన్సెట్ పత్రిక ప్రచురించింది. అదే శాస్త్రవేత్తల బృందం 2002లో ఎలుకల మీద చేసిన పరీక్షలో ఆవనూనె మాత్రం దెబ్బతిన్న పైపొర కోలుకోవడాన్ని ఆలస్యం చేసింది. బెంగాల్లో పసిపిల్లలకు మర్దనా చేసేది ఎక్కువగా ఆవనూనెతోనే. ఇరుగుపొరుగుల అలవాట్లు కలిసిపోయిన ఖరగ్‌పూర్ లాంటి చోట తెలుగు అమ్మమ్మలు ఇది గుర్తుపెట్టుకోవాలి.

చర్మం మీది కాపురస్తులు

చర్మం మీద సూక్ష్మజీవులు లేని చోటంటూ ఉండదు, ఉండకూడదు కూడా. తడిగా ఉండే చంకల్లో, గజ్జల్లో ఒక రకం, జిడ్డుగా ఉండే నుదుటి మీద ఇంకో రకం, పొడిగా ఉండే ముంజేతి మీద మరో రకం స్థిరంగా ఉంటాయి. వీటిలో స్టెఫైలోకాకస్ ఎపిడెర్మిడిస్ పేరు ఎక్కువగా వినిపిస్తుంది. దీని రకాలు కొన్ని ఎస్ప్ అనే ఎంజైమును వదిలి, సెగగడ్డలు తెప్పించే స్టెఫైలోకాకస్ ఆరియస్ ముక్కులో పేరుకోకుండా ఆపుతాయని జపాన్ శాస్త్రవేత్తలు 2010లో కనుగొన్నారు. కుదుళ్లలో ఉండే మరో బ్యాక్టీరియా చర్మపు నూనెను విడగొట్టి కొవ్వు ఆమ్లాలుగా మారుస్తుంది. పైన చెప్పిన పులుపులో దాని వాటా కూడా ఉంది. జాగా, తిండి ముందే ఆక్రమించుకుని ఉండటమే ఇవి చేసే పెద్ద మేలు. అయితే గాయంలోంచి రక్తంలోకి దిగితే, ఆసుపత్రిలో పెట్టిన గొట్టం వెంట లోపలికి పోతే ఇవే జబ్బు చేస్తాయి.

చర్మం లోపలి నిఘా

1868లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే 21 ఏళ్ల వైద్య విద్యార్థి బాహ్యచర్మంలో కొమ్మలు చాచిన కణాల్ని చూసి నరాల కణాలనుకున్నాడు. అవి రోగనిరోధక వ్యవస్థకు చెందినవని తెలియడానికి వందేళ్లు పట్టింది. ఆ కణాలు కొమ్మల్ని పైకి చాచి, దొరికిన పరాయి పదార్థాన్ని పట్టుకుని, దగ్గరలోని శోషరస గ్రంథికి వెళ్లి అక్కడి తెల్లకణాలకు చూపిస్తాయి. దాన్ని బట్టి ఎదుర్కొనే కణాలు తయారవుతాయి. ఒకసారి చూసిన సూక్ష్మజీవిని గుర్తుపెట్టుకున్న టీ-కణాలు చర్మంలోనే మకాం వేస్తాయి. ఒక మనిషి చర్మంలో ఇలాంటి టీ-కణాలు సుమారు 2000 కోట్లు ఉంటాయని, రక్తంలో ఉన్నవాటికి అది దాదాపు రెట్టింపని 2006లో లెక్కగట్టారు.

చర్మానికున్న ఈ శక్తి మీదే కొన్ని టీకాలు ఆధారపడ్డాయి. నడివయసు దాటినవాళ్ల జబ్బ మీద గుండ్రంగా కనిపించే మశూచి టీకా మచ్చ చర్మాన్ని గీరి వేసిన మందుది. అమ్మవారు పోసి ఊళ్లకు ఊళ్లు తుడిచిపెట్టుకుపోయిన రోజుల్లో పసుపూ వేపమండలూ పట్టుకుని తల్లికి మొక్కడం తప్ప జనానికి గతిలేదు. ఖరగ్‌పూర్ రైల్వే బస్తీల్లో తెలుగువారు నేటికీ జరిపే మాతా పూజ ఆ భక్తికి కొనసాగింపే. మశూచి మాత్రం 1975 తర్వాత దేశంలో లేదు, 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. ఆ పని చేసింది చర్మంలోకి ఎక్కించిన టీకా. పుట్టిన బిడ్డకు వేసే బీసీజీ నేటికీ చర్మం పొరల్లోకే వేస్తారు. కుక్కకాటుకు ఇచ్చే రేబిస్ టీకాను చర్మంలోకి వేస్తే ఒక్కోచోటికి 0.1 మిల్లీలీటరు చాలు. 2006లో మన దేశంలో ఈ పద్ధతికి అనుమతి వచ్చాక ఒక బుడ్డి మందు ఎక్కువమందికి సరిపోతోంది.

వేలు తెగినప్పుడు

లేతు మిషను మీద ఇనుము తిరుగుతుంటే చుట్టలు చుట్టుకుంటూ తునకలు ఊడతాయి. అలాంటి తునక ఒకటి టర్నరు బొటనవేలి పక్కన గీసిందనుకుంటే, మొదటి కొన్ని క్షణాల్లో తెగిన రక్తనాళాలు ముడుచుకుంటాయి. రక్తఫలకికలు ఒకదానికొకటి అంటుకుని రంధ్రాన్ని మూస్తాయి. నిమిషాల్లో ఫైబ్రిన్ దారాలు అల్లుకుని రక్తం గడ్డకడుతుంది. నెత్తురుతోపాటు కొంత మట్టి, కొన్ని సూక్ష్మజీవులు బయటికి కొట్టుకుపోతాయి. చర్మంలోని మాస్ట్ కణాలు హిస్టమిన్ వదలగానే చుట్టుపక్కల రక్తనాళాలు వెడల్పై, వేలు ఎర్రబడి, వేడెక్కి, వాచి, సలుపుతుంది. ఆ వాపు ఉన్నందువల్లే తెల్లకణాలు నాళాల్లోంచి గాయంలోకి రాగలుగుతున్నాయి. న్యూట్రోఫిల్స్ అనే కణాలు కొన్ని గంటల్లోనే చేరుకుని ఒకటి రెండు రోజుల్లో బాగా పెరుగుతాయి. బ్యాక్టీరియాను మింగి చంపి, అవీ చస్తాయి. చీము అంటే ఎక్కువగా అలా చచ్చిన కణాలే. తర్వాత మాక్రోఫేజ్‌లు వచ్చి ఆ చెత్తను ఎత్తిపోస్తాయి. ఈలోగా గాయం అంచుల్లోని కణాలు పక్కు కిందుగా ఒకవైపు నుంచి మరోవైపుకు పాకి పైపొరను కలుపుతాయి.

సూక్ష్మజీవులు గాయం దాటి శోషరస నాళాల్లోకి దిగితే కాలి పుండుకు గజ్జల్లో, చేతి పుండుకు చంకలో బిళ్ళ కడుతుంది. గ్రంథిలో పోరు జరుగుతోందని దాని అర్థం. పుండు దగ్గర నుంచి ఎర్రటి చార పైకి పాకినా, చలిజ్వరం వచ్చినా ఆ పూటే ఆసుపత్రికి వెళ్లాలి. చక్కెర వ్యాధి ఉన్నవాళ్లు బిళ్ళ కట్టేదాకా కూడా ఆగకూడదు. వాళ్లలో తెల్లకణాల చురుకు తగ్గుతుంది, పాదాల నరాలు మొద్దుబారి పుండు పడిన సంగతే తెలియదు. నొప్పి తెలియడం కూడా చర్మం చేసే రక్షణే.

తెగినచోట పసుపో, కాఫీపొడో, సున్నమో అద్దడం మన ఇళ్లలో పాత వాడుక. ప్రయోగశాలలో పసుపుకు బ్యాక్టీరియాను అణిచే గుణం కనిపించిన మాట నిజమే. కానీ డబ్బాలోని పొడి శుద్ధమైనది కాదు, గాయంలో అది పరాయి మట్టితో సమానం. ధారగా పారే మంచినీళ్లతో, సబ్బుతో కడగడాన్ని మించిన ప్రథమ చికిత్స లేదు. గాయానికి గాలి తగిలితే త్వరగా మానుతుందన్న నమ్మకమూ సరైంది కాదు. తేమగా కప్పి ఉంచిన గాయంలో పైపొర దాదాపు రెట్టింపు వేగంతో పూడుతుందని 1962లో జార్జ్ వింటర్ పందుల మీద పరీక్షించి చూపాడు.

దాటిపోయే దారులు

కొన్ని రోగాలు చర్మంతో తలపడకుండా దాన్ని దాటిపోతాయి. మేకు గుచ్చుకుంటే ధనుర్వాతం వస్తుందని, దానికి తుప్పే కారణమని రైలు పట్టాల పక్క ఊళ్లలో గట్టి నమ్మకం. తుప్పుకూ ఆ రోగానికీ సంబంధం లేదు. మట్టిలో, పశువుల పేడలో ఉండే క్లాస్ట్రిడియం టెటని బీజాలు సన్నగా, లోతుగా దిగిన పోటులో గాలి తగలని చోట మొలిచి విషం వదులుతాయి. కొత్త మేకైనా మట్టి అంటితే చాలు. పైకి చిన్నగా కనబడే పోటు వెడల్పైన కోత కన్నా ప్రమాదం కావడానికి కారణం ఇదే.

కొంకి పురుగుకు గాయంతో కూడా పని లేదు. తడిమట్టిలో ఉండే దాని పిల్లలు వట్టి కాళ్ల చర్మాన్ని తొలుచుకుని లోపలికి పోతాయి. 1898లో కైరోలో ఆర్థర్ లూస్ అనే శాస్త్రవేత్త చేతి మీద వాటి పిల్లలున్న నీరు పొరపాటున పడి, కొన్ని వారాలకు ఆయనకు ఆ పురుగులు సోకడంతో ఈ సంగతి తెలిసింది. కాలికి చెప్పులుంటే ఈ రోగం చాలావరకు రాదు.

దోమ తన సూదితో పైపొరను దాటేస్తుంది. దోమ ఒంట్లో మలేరియా క్రిమిని రోనాల్డ్ రాస్ 1897 ఆగస్టులో సికింద్రాబాదులో చూశాడు. బోదకాలు దారి మరీ విచిత్రం. దోమ ఆ పురుగు పిల్లల్ని సూదితో ఎక్కించదు. కుట్టిన చోట చర్మం మీద వదిలితే అవే ఆ రంధ్రంలోంచి పాక్కుంటూ లోపలికి పోతాయి. ఈ రోగం కోస్తా ఆంధ్రను తరాలపాటు పీడించింది. దానికి మందైన హెట్రజాన్ భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తయారై 1947లో వెలుగుచూసింది. 2004 నుంచి దేశంలో ఈ రోగం ఉన్న జిల్లాల్లో ఏటా పంచే మాత్రల్లో అదీ ఉంటుంది. ఒకసారి వాచిన కాలు పూర్తిగా తగ్గకపోవచ్చు. అయినా వేళ్ల సందుల్లో పాసినచోట నుంచి బ్యాక్టీరియా దిగడం వల్ల మాటిమాటికీ వచ్చే జ్వరాన్ని, మంటను ఆపవచ్చు. రోజూ కాలిని సబ్బుతో మెల్లగా కడిగి, సందులు పొడిగా తుడిస్తే ఆ జ్వరాలు బాగా తగ్గుతాయి.

కాలిన గాయంలో ఇప్పటిదాకా చెప్పిన పొరలన్నీ ఒక్కసారే పోతాయి. నీరు ఊటలా కారిపోతుంది, బ్యాక్టీరియాకు అడ్డు ఉండదు. పెద్దగా కాలినవాళ్లలో మంట కన్నా తర్వాత వచ్చే ఇన్‌ఫెక్షనే ఎక్కువగా చంపుతుంది. కాలిన వెంటనే 20 నిమిషాలు పారే చల్లటి నీటి కింద ఉంచాలి. టూత్‌పేస్టు, సిరా, పేడ రాయకూడదు. చనిపోయినవారి నుంచి సేకరించిన చర్మాన్ని కాలినచోట తాత్కాలికంగా కప్పితే కొత్త చర్మం వచ్చేదాకా ప్రాణం నిలుస్తుంది. నేత్రదానం గురించి తెలిసినంతగా చర్మదానం గురించి తెలుగునాట ఇంకా తెలియదు.

తామర, స్టెరాయిడ్ పూతలు

పది పదిహేనేళ్లుగా దేశమంతటా చర్మవైద్యుల్ని ఎక్కువగా వేధిస్తున్నది తామర. దానికి కారణమైన ఫంగస్ కెరటిన్‌నే తిని బతుకుతుంది. అంటే చర్మం తన రక్షణకు కట్టుకున్న పదార్థమే దానికి ఆహారం. చెమటతో తడిసిన లోదుస్తులు, రోజంతా విప్పని బూట్లు, వానాకాలంలో ఆరని బట్టలు దానికి అనుకూలం. ఖరగ్‌పూర్ లాంటి ఉక్కపోత ఊళ్లో యూనిఫాం వేసుకుని పనిచేసేవాళ్లకు ఈ బాధ కొత్తది కాదు. కొత్తగా వచ్చిపడిన కష్టం మందులకు లొంగకపోవడం. ఇలా లొంగని రకానికి 2020లో ట్రైకోఫైటాన్ ఇండోటినియే అని పేరు పెట్టారు. ఆ పేరులోనే మన దేశం ఉంది.

దీనికి స్టెరాయిడ్ కలిసిన పూతమందులు బాగా దోహదం చేశాయి. మందుల షాపులో అడిగితే చేతిలో పెట్టే ఆ ట్యూబు రాయగానే దురద, ఎరుపు తగ్గుతాయి. తగ్గింది రోగం కాదు, చర్మంలోని నిరోధక కణాల పని. అవి ఊరుకున్నాక ఫంగస్ నెమ్మదిగా విస్తరిస్తుంది. చర్మం పలచబడి చారలు పడుతుంది. మందు ఆపగానే రెట్టింపు దురదతో తిరగబెడుతుంది. 2018లో కేంద్ర ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ పూతల్ని డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కట్టడి చేసింది. అమలు ఎలా ఉందో ఏ బజారుకు వెళ్లినా తెలుస్తుంది.

ఇంట్లో ట్యూబు ఉంటే దాని మీద రాసిన పేర్లు చదవండి. బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అనే మాటల్లో ఏదైనా కనిపిస్తే, డాక్టరు చూసి రాసిచ్చిన మందు కాకపోతే, తామర మీద రాయకండి. ఇప్పటికే వారాల తరబడి రాస్తుంటే ఆ ట్యూబు పట్టుకుని చర్మవైద్యుల దగ్గరికి వెళ్లండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనూ వెంట తీసుకెళ్లండి.